శైలేన్ మన్నా: భారత ఫుట్‌బాల్ చరిత్రలో ఒక రక్షకుని స్థానము

కోటను జయించిన రాజు పేరు శాసనమున కెక్కును. ఆ కోటగోడపై రాత్రింబవళ్లు కావలి కాచిన బంటు పేరు ఏ శాసనమునందును కానరాదు. ఫుట్‌బాల్ క్రీడాచరిత్రయు ఇంచుమించుగా ఇట్టిదే. ఎవరెన్ని గోల్సు చేసిరో ప్రతి పత్రికయు లెక్కగట్టి ప్రకటించును. ఎవరెన్ని గోల్సు కాకుండ ఆపిరో తెలుపు లెక్క ఎచ్చటను లేదు. కావుననే ముందువరుస ఆటగాండ్ర పేర్లు ఇంటింట వినవచ్చుచుండగా, వెనుక నిలిచి గోలును కాపాడిన బ్యాకుల పేర్లు ఒక తరము గడచునప్పటికి మరుగున పడుచున్నవి. అట్లు మరుగున పడక నిలిచిన కొలదిమందిలో శైలేన్ మన్నా ముఖ్యుడు. స్వతంత్ర భారతదేశము ఫుట్‌బాల్‌లో గడించిన మొదటి స్వర్ణపతకము ఆయన నాయకత్వముననే లభించినది. ఆ కాలపు పెద్ద పరాజయ మొకటియు ఆయన నాయకత్వముననే సంభవించినది. ఈ రెంటిని కలిపి చూచిననే ఆయన చరిత్రయు, మన ఫుట్‌బాల్ చరిత్రయు సరిగా బోధపడును.

మన్నా 1924 సెప్టెంబరు 1వ తేదీన హౌరాలోని బ్యాత్రాయందు జన్మించెను. హౌరాకును కలకత్తాకును నడుమ హుగ్లీనది మాత్రమే అడ్డము. ఆ నది కావలి యొడ్డున, ఆయన పుట్టుటకు 13 సంవత్సరములు ముందుగా, బెంగాలు దేశమంతయు నేటికిని తలచుకొను ఘట్ట మొకటి జరిగినది. 1911 జులై 29వ తేదీన ఐ. ఎఫ్. ఏ. షీల్డు తుదిపోటీలో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2–1 తేడాతో ఓడించినది. తెల్లసిపాయిలు బూట్లు తొడిగి యాడిరి. బెంగాలీలలో పదిమంది వట్టికాళ్లతో నాడిరి. బూట్లు తొడిగిన పదునొకండవవాడు రెవరెండు సుధీర్ చటర్జీ, అతడును బ్యాకే. పాలకజాతిని వారి ఆటలోనే, వట్టికాళ్లతో గెలువవచ్చునన్న విశ్వాసము ఆనాడు పుట్టినది. బెంగాలు బాలురు తరువాత నలువది యేండ్లపాటు ఆ విశ్వాసముతోనే పెరిగిరి. వట్టికాలి ఆట పేదరికమువలన వచ్చిన అలవాటే గాని, క్రమముగా అది యొక గౌరవచిహ్నముగా మారినది.

మన్నా 1940లో హౌరా యూనియన్ జట్టున ప్రవేశించి, 1942లో మోహన్ బగాన్‌లో చేరెను. 1960 వరకు వేరొక క్లబ్బు గడప త్రొక్కలేదు. ఈ 19 సంవత్సరములు బెంగాలుకు సామాన్యమైన కాలము కాదు. 1943లో మహాక్షామము వచ్చినది. 1946లో మతకల్లోలములు చెలరేగినవి. 1947లో దేశవిభజన జరిగి, లక్షలాది కాందిశీకులు కలకత్తా వీథులలో తలదాచుకొనిరి. ఆ యేడు కలకత్తా లీగు పోటీలే జరుగలేదు. అయినను అదే సంవత్సరమున మోహన్ బగాన్ 36 సంవత్సరముల యనంతరము ఐ. ఎఫ్. ఏ. షీల్డును మరల గెలుచుకొనినది. పిమ్మట 1948, 1952, 1954, 1956 సంవత్సరములలోను షీల్డు ఆ క్లబ్బునకే దక్కినది. 1953లో డ్యూరండు కప్పును, 1955లో రోవర్సు కప్పును మొదటిసారిగా సాధించినది. ఈ విజయముల కాలమంతయు మన్నా ఆ జట్టువాడే.

ఆనాటి ఆటపద్ధతిని కొంచెము తెలిసికొననిదే బ్యాకు పని యెంత కఠినమో గ్రహింపజాలము. గోల్‌కీపరునకు ముందు ఇద్దరు బ్యాకులు, వారికి ముందు ముగ్గురు హాఫ్‌బ్యాకులు, అందరికంటె ముందు ఐదుగురు ఫార్వర్డులు నిలుచుట ఆనాటి యేర్పాటు. అనగా ఎదిరిజట్టు ఐదుగురితో ముట్టడించినప్పుడు, హాఫ్‌బ్యాకులు వెనుకకు అందుకొనలేనిచో, ఇద్దరే నిలిచి గోలును కాపాడవలెను. దేహబలము మాత్రమే యున్నవాడు ఈ స్థానమున నిలువజాలడు. బంతి ఎచ్చటనున్నదో చూచుటకంటె ఎచ్చటికి రాబోవుచున్నదో ముందుగా పసిగట్టుట ముఖ్యము. మన్నాకు ఈ ముందుచూపు సహజముగా అబ్బినది. తోటి బ్యాకు ముందునకు పోయినప్పుడు ఆ ఖాళీని తాను కప్పుటయందును, దూరమునుండి ఫ్రీకిక్కు కొట్టుటయందును ఆయన మిక్కిలి పేరు గాంచెను.

ఆ రోజులలో ఆయన కెదురు నిలిచిన ఫార్వర్డులు సామాన్యులు కారు. 1949 మొదలు 1953 వరకు ఈస్ట్ బెంగాల్ క్లబ్బున వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అను ఐదుగురు ముందువరుసలో ఆడిరి. జనులు వారిని పంచపాండవులని పిలిచిరి. అందరును దక్షిణాదివారే, వారిలో అప్పారావు అను తెలుగుపేరు వినవచ్చుట తెలుగువారికి ప్రీతికరము. ఈ ఐదుగురి బలముతో ఈస్ట్ బెంగాల్ 1949, 1950, 1951 సంవత్సరములలో వరుసగా మూడు పర్యాయములు షీల్డును గెలిచినది. మోహన్ బగాన్ తరపున ఈ పాండవుల నెదుర్కొను భారము మన్నా ప్రభృతులపై పడినది. బెంగాలు వెలుపల వారికి ప్రబల ప్రత్యర్థి హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. 1950 డ్యూరండు కప్పు తుదిపోటీలో మోహన్ బగాన్‌ను ఓడించినది ఈ జట్టే. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును చేజిక్కించుకొనినదియు ఈ జట్టే. ఈ పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మన్నా కథలో ముందు మరల వచ్చును.

1948లో లండను ఒలింపిక్ క్రీడలకు స్వతంత్రభారత ఫుట్‌బాల్ జట్టు తొలిసారిగా బయలుదేరెను. నాయకుడు నాగా కొండలనుండి వచ్చి వైద్యవిద్య నభ్యసించిన తాలిమెరెన్ ఆవో. జులై 31వ తేదీన ఇల్ఫర్డులోని క్రికిల్‌ఫీల్డు మైదానమున ఫ్రాన్సుతో పోటీ జరిగినది. భారతీయులలో హెచ్చుమంది వట్టికాళ్లతోనే దిగిరి. ఫ్రాన్సువారు 30వ నిమిషమున మొదటి గోలు చేసిరి. 70వ నిమిషమున సారంగపాణి రామన్ దానిని సమము చేసెను. ఆట ముగియుటకు నిమిషము ముందు ఫ్రాన్సు మరల గోలు చేసి 2–1 తేడాతో గెలిచినది. భారతజట్టునకు ఆనాడు రెండు పెనాల్టీలు లభించినవి. ఒకటి మన్నా కొట్టెను. మరియొకటి మహావీర్ ప్రసాద్ కొట్టెను. రెండును గోలు కాలేదు.

ఆటను చూచిన లండను ప్రజలు భారతీయులను మెచ్చుకొనిరి. మన్నా కాళ్లు ఉక్కుతో చేసినవా యని సాక్షాత్తు ఆరవ జార్జి చక్రవర్తియే వేడుకగా అడిగెనను కథ యొకటి దేశమంతట వ్యాపించినది. ఇట్టి కథలు పరాజయమునకు చక్కని ముసుగు వేయును. చక్రవర్తి ప్రశ్న జనుల నోట నిలిచినది. రెండు పెనాల్టీల సంగతి మరుగున పడినది. వేలసార్లు ఫ్రీకిక్కు కొట్టి గురి తప్పనివానికి, దేశముపేర దొరికిన ఒక్క కిక్కు తప్పిపోవుట ఎంతటి బాధయో ఊహింపవచ్చును. ఆ రెండింటిలో ఒకటి గోలైనను ఆ దినమున ఫలితము వేరుగ నుండెడిది.

రెండేండ్లకు మరియొక అవకాశము వచ్చినది. 1950లో బ్రెజిలు దేశమున జరుగు ప్రపంచకప్పు పోటీలకు, తన విభాగములోని ఇతరదేశములు విరమించుకొనుటచే, భారతదేశము ఆడకయే అర్హత పొందినది. ఇటలీ, స్వీడను, పరాగ్వే దేశములతో ఒకే వర్గమున భారతదేశము చేర్చబడినది. ప్రయాణవ్యయములో అధికభాగమును భరించుటకు బ్రెజిలువారు సంసిద్ధులైరి. అయినను జట్టు పోలేదు. వట్టికాళ్లతో ఆడనీయరని పోలేదను మాట తరువాత వ్యాపించి, నేటికిని అనేకులు దానినే నమ్ముచున్నారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆనాడు చూపిన కారణములు వేరు: జట్టు ఎంపికలో అభిప్రాయభేదములు, అభ్యాసమునకు చాలినంత వ్యవధి లేకుండుట. అంతకంటె ముఖ్యముగా ఆనాటి అధికారుల దృష్టిలో ఒలింపిక్ క్రీడలే సర్వస్వము. ప్రపంచకప్పు ఎట్టిదో వారికి తెలియదు. వృత్తిక్రీడాకారులతో కలసి ఆడినచో ఒలింపిక్ అర్హత పోవునేమోయను శంకయు వారికుండెనని కొందరు చరిత్రకారు లందురు. ఆ జట్టునకు నాయకుడు కావలసిన మన్నా వృద్ధాప్యమున ఈ ప్రసక్తి వచ్చినప్పుడెల్ల, బూట్లు ఒక సాకు మాత్రమేయని చెప్పుచుండెను. ఆ ప్రయాణమే జరిగియున్నచో భారత ఫుట్‌బాల్ దారి మారియుండెడిదని ఆయన నమ్మకము.

1951 మార్చి 4వ తేదీన ఢిల్లీ నేషనల్ స్టేడియమున మొదటి ఆసియా క్రీడోత్సవములు ప్రారంభమైనవి. స్వాతంత్ర్యము వచ్చి నాలుగేండ్లు నిండని దేశము పదునొకండు దేశముల క్రీడాకారులను పిలిచి ఆతిథ్య మిచ్చెను. భారత ఫుట్‌బాల్ జట్టునకు నాయకుడు మన్నా. శిక్షకుడు హైదరాబాదువాసి సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం వృత్తిచే ఉపాధ్యాయుడు. పాఠశాలలో బాలురకు పాఠము చెప్పునట్లే ఆయన ఆటను భాగములుగా విడదీసి బోధించెను. మోహన్ బగాన్‌కు ప్రత్యర్థియైన జట్టును తయారుచేసిన గురువును, ఆ క్లబ్బు బ్యాకును దేశము ఒకచోట చేర్చినది. రహీం శిష్యులైన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ మొదలైన హైదరాబాదు ఆటగాండ్రును జట్టులో ఉండిరి. అజీజుద్దీన్ కూడ బ్యాకే. క్లబ్బు పోటీలలో ఎదురెదురుగా నిలుచువారు దేశముపేర ప్రక్కప్రక్కల నిలిచిరి.

భారతజట్టు ఇండొనేషియాను 3–0తోను, ఆఫ్ఘనిస్థానమును 3–0తోను గెలిచినది. మార్చి 10వ తేదీన జరిగిన తుదిపోటీలో ఇరానుపై మేవాలాల్ చేసిన ఒక్క గోలుతో 1–0 తేడాతో నెగ్గి స్వర్ణపతకము పొందినది. ప్రజలు మేవాలాల్‌ను భుజములపై ఊరేగించుట సహజము. కాని ఈ అంకెలను మరియొక వైపునుండి చదువవలెను. మూడు పోటీలలో భారతీయులు ఏడు గోల్సు చేసిరి. వారిపై ఒక్క గోలైనను కాలేదు. తుదిపోటీలో ఒక్క గోలు చాలినదన్నచో, ఆ ఒక్కదానిని చివరివరకు నిలుపుకొనుటవలననే చాలినది. బ్యాకుల పనికి లెక్క యెచ్చటనైన కలదన్నచో, ఫలితపు పట్టికలోని ఆ సున్నాలే ఆ లెక్క.

పదునేడు నెలలు తిరుగకమునుపే కథ తలక్రిందులైనది. 1952 జులై 15వ తేదీన హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా భారతజట్టుపై పది గోల్సు చేసినది. భారతీయుల పక్షమున అహ్మద్ ఖాన్ చేసినది ఒక్కటి. నాయకుడు మన్నాయే, ఢిల్లీలో గోలు కానీయని రక్షకుడే. ఆయన ఆట ఒక్క యేడాదిలో అంతగా దిగజారినదా? అట్లనుట న్యాయము కాదు. 1925లో ఆఫ్‌సైడు నిబంధన మారిన పిమ్మట ఐరోపా జట్లు సెంటర్ హాఫ్‌ను వెనుకకు లాగి, ఇద్దరు బ్యాకుల నడుమ మూడవవానిగ నిలుపుట నేర్చుకొనినవి. 1952 నాటికిని మన దేశమున ఇద్దరు బ్యాకుల పాతపద్ధతియే హెచ్చుగా నడచుచుండెను. దానికి తోడు చలిదేశపు మైదానము, బూట్లు లేని కాళ్లు. ఆసియాలో చాలిన విద్య ఐరోపాకు చాలలేదు. ఆ యుగోస్లావియా జట్టు సామాన్యమైనది కాదు. ఆ క్రీడలలో రజతపతకము దానిదే.

ఈ పరాజయమువలన ఒక మేలు కలిగినది. బూట్లు తొడుగుట తప్పనిసరియని సమాఖ్య నిర్ణయించినది. 1911 నుండి గౌరవచిహ్నముగ నిలిచిన వట్టికాలి ఆట అంతటితో అంతరించినది. రహీం హెల్సింకిలో హంగేరీవారి క్రొత్తపద్ధతులను శ్రద్ధగా గమనించి, స్వదేశమున వానిని ప్రవేశపెట్టెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో, మన్నా లేని భారతజట్టు ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి, అదే యుగోస్లావియాపై మొదటి గోలు తానే చేసి, చివరకు 4–1తో ఓడి, నాలుగవ స్థానమున నిలిచినది. పది గోల్సు తేడాలేని నాలుగు గోల్సుగ మారుటకు పట్టిన కాలము నాలుగేండ్లు. ఆ పాఠమునకు రుసుము చెల్లించినవారు హెల్సింకి ఆటగాండ్రు. దాని ఫలము ననుభవించినవారు తరువాతివారు.

హెల్సింకి తరువాతను మన్నాపై దేశమునకు విశ్వాసము తగ్గలేదు. 1954లో మనీలాలో జరిగిన రెండవ ఆసియా క్రీడలలోను ఆయనయే నాయకుడు. ఆ పర్యాయము భారతజట్టు మొదటి దశ దాటలేదు. ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషను 1953లో తన వార్షికగ్రంథమునందు ప్రపంచపు పదిమంది ఉత్తమనాయకులలో ఆయనను చేర్చెనని మన పత్రికలు పలుమారు వ్రాసినవి. ఓడిన జట్టు నాయకునకు ఇట్టి పేరు వచ్చినదన్నచో, మైదానమున ఆయన ప్రవర్తనయే దానికి కారణమై యుండవలెను.

ఇంతటి ఆటగానికి జీవనాధారమేమి? ఇంగ్లండులో 1885 నుండియే ఫుట్‌బాల్ వృత్తిగ అంగీకరింపబడినది. అచ్చటి బ్యాకు ఆటచే కూలి పొంది కుటుంబమును పోషించుకొనెను. మన దేశమున ఆనాడు పేరునకు అందరును అమెచ్యూరులే. హైదరాబాదు జట్టువారికి పోలీసుశాఖలోను, మరికొందరికి రైల్వేలలోను ఉద్యోగములు లభించినవి. మన్నా 1851లో స్థాపితమైన భారత ప్రభుత్వపు భూగర్భ పరిశోధనశాఖలో, అనగా జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో, ఉద్యోగిగ నుండి జీవితము గడపెను. క్లబ్బునుండి జీతము కోరలేదు. హెచ్చు ధనమునకై క్లబ్బు మారలేదు. నెలజీతముతో సంసారము నడుపుకొను కేంద్రప్రభుత్వోద్యోగులకు ఈ సంగతి విశేషించి చెప్పనక్కరలేదు. పగలు కార్యాలయము, సాయంకాలము మైదానము, ఇంటికి చేరునప్పటికి రాత్రి. వేలాదిజనులు జయజయధ్వానములు చేసిన మరునాడును హాజరుపట్టీలో సంతకము తప్పదు.

దీనిని త్యాగమని పొగడి ఊరకుండుట సులభము. పొగడవలసినదే. కాని దీనికి రెండవ ముఖము కూడ కలదు. ఆటగాడు జీతము కోరడన్న ధైర్యముతో నిర్వాహకులు శిక్షణకు, బూట్లకు, విదేశప్రయాణములకు ధనము సమకూర్చు భారమును తేలికగా తీసికొనిరి. ప్రపంచకప్పునకు పోకుండుటయు ఈ ధోరణినుండి పుట్టినదే. నిష్కామముగ ఆడినవాని గుణము ఎంత గొప్పదో, ఆ గుణముపై ఆధారపడి తమ బాధ్యతను మరచినవారి లోపము అంత పెద్దది. ఒకరి సద్గుణము మరియొకరి సోమరితనమునకు ఆశ్రయము కారాదు.

మన్నా 1960లో ఆటనుండి విరమించి, పిమ్మటను మోహన్ బగాన్ సేవయందే యుండెను. భారతప్రభుత్వము ఆయనను 1971లో పద్మశ్రీ బిరుదముతో సత్కరించినది. 2000లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య సహస్రాబ్ది ఫుట్‌బాల్ క్రీడాకారునిగ గౌరవించినది. 2012 ఫిబ్రవరి 27వ తేదీన, 87 సంవత్సరముల వయసున, కలకత్తాలో ఆయన కీర్తిశేషుడయ్యెను.

ఆయన విరమించిన రెండేండ్లకు, 1962 సెప్టెంబరు 4వ తేదీన, జకార్తాలో భారతజట్టు దక్షిణకొరియాను 2–1తో ఓడించి ఆసియా స్వర్ణమును రెండవమారు గెలుచుకొనినది. శిక్షకుడు మరల రహీమే. క్యాన్సరు వ్యాధి దేహమును తినివేయుచున్నను ఆయన జట్టును వీడలేదు. మరుసటి యేడు 1963 జూన్ 11వ తేదీన ఆయన మరణించెను. సికిందరాబాదున పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాదు ఆటగాడు యూసఫ్ ఖాన్ ఆ జట్టులోనివారే. తుదిపోటీలో ఒక గోలు పి. కె. బెనర్జీ చేసెను. రెండవది చేసినవాడు జర్నైల్ సింగ్. ఈతడు కూడ మోహన్ బగాన్ రక్షకుడే. అంతకుముందు ఆటలో తలకు గాయమై కుట్లు పడగా, బ్యాకుస్థానమున తలతో బంతి కొట్టుట కష్టమని రహీం ఈతనిని ముందువరుసకు పంపెను. గోలు చేసినందున ఆ రక్షకుని పేరు నేటికిని కథలుగ చెప్పుకొనుచున్నారు.

మన్నాకు అట్టి గోలు దక్కలేదు. ఆయనకు దక్కినవి ఇల్ఫర్డులో తప్పిన ఒక పెనాల్టీ, హెల్సింకిలో మోసిన పది గోల్సు భారము, ఢిల్లీ ఫలితపట్టికలోని మూడు సున్నాలు. నేడు మన దేశమున ఫుట్‌బాల్ వృత్తిగ మారినది. రక్షకులకును పెద్దమొత్తములు లభించుచున్నవి. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణము మాత్రము 1962 తరువాత భారతదేశమునకు మరల రాలేదు. ధనము లేని దినములలో ఢిల్లీ మైదానమున మూడు ఆటలు గోలు కానీయక నిలిచిన ఆ వట్టికాళ్ల రక్షకుల లెక్కను, గోల్సు లెక్కతోపాటు, రాబోవు తరముల పిల్లలకు తెలుపుట పెద్దల విధి.